పాంజర్‌కు రంగు వేసింది ఎవరు?

1939 సెప్టెంబరులో పోలండ్ రోడ్ల మీద తీసిన ఫోటోలు చూస్తే జర్మన్ ట్యాంకులన్నీ (అవే పాంజర్లు) ఒకే రంగులో కనిపిస్తాయి. ముదురు బూడిద రంగు, దాని మీద దుమ్ము, టరెట్ (ఫిరంగి ఉండే, చుట్టూ తిరిగే పై భాగం) మీద కొట్టొచ్చినట్టు తెల్ల శిలువ. ఆ ఫోటోలు చూసే దశాబ్దాల పాటు స్కేల్ మోడల్ కిట్ల (అసలు వాహనాన్ని కొలత ప్రకారం చిన్నది చేసి అతికించుకునే బొమ్మల) కాగితాల్లో "మొత్తం జర్మన్ గ్రే" అని అచ్చు వేశారు. ఆ బొమ్మలు చేసే మోడలర్లకు కూడా అది హాయిగానే ఉండేది. ఒక్క డబ్బా తెస్తే పని అయిపోయేది.

అసలు సంగతి అది కాదు. 1937లో జర్మన్ సైన్యం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం వాహనాలకు రెండు రంగులు వేయాలి. మూడింట రెండు వంతులు ముదురు బూడిద, మిగిలిన ఒక వంతు ముదురు గోధుమ, రెండూ కలిసే చోట అంచు మెత్తగా ఉండాలి. రంగు ఆదా కోసం ఇకపై బూడిద ఒక్కటే చాలని చెప్పిన ఉత్తర్వు 1940 జూలై 31న గానీ రాలేదు. అప్పటికి పోలండ్ యుద్ధం ముగిసింది, ఫ్రాన్స్ లొంగిపోయి నెల దాటింది. అంటే మనం "గ్రే పాంజర్ల కాలం" అనుకునే ఆ రెండు యుద్ధాలూ నియమం ప్రకారం రెండు రంగుల కాలమే. థామస్ జెంట్జ్, హిలరీ డోయల్ వంటి పరిశోధకులు పాత సైనిక కాగితాలు తవ్వి బయటపెట్టాకే ఈ విషయం మోడలర్ల దాకా వచ్చింది.

మరి ఫోటోల్లో ఎందుకు కనిపించలేదు? ఇంట్లోనే పరీక్షించి చూడొచ్చు. ఒక తెల్ల అట్టముక్క మీద ముదురు బూడిద, దాని పక్కనే ముదురు గోధుమ రంగు వేసి, ఆరాక ఫోన్‌తో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. గీత దాదాపు మాయమైపోతుంది. రంగులు వేరైనా వాటి ముదురుతనం దాదాపు ఒకటే. నలుపు తెలుపు ఫిల్ముకు తెలిసింది ముదురు, లేత అంతే. దానికి తోడు దుమ్ము, ఎనభై ఏళ్ల పాత ప్రింటు. ఒకసారి ఈ సంగతి తెలిశాక మళ్లీ అవే ఫోటోలు చూస్తే, మబ్బు పట్టిన రోజు తీసిన కొన్నింటిలో ఇంజిన్ పక్క భాగం మీద, టరెట్ మీద నీడలాంటి మచ్చలు లీలగా కనిపిస్తాయి. అవి నీడలు కావు.

శత్రువు కంటిని మభ్యపెట్టే రంగుల గురించి మోడలర్ల మధ్య జరిగే వాదనల్లో ఎక్కువ భాగం "ఏ రంగు, ఏ నంబరు" దగ్గరే ఆగిపోతుంది. ఆ ప్రశ్న అవసరమే కానీ దానికన్నా పనికొచ్చేది మరొకటుంది. ఆ రంగును ఎవరు, దేనితో, ఎక్కడ వేశారు? ఫ్యాక్టరీలో కొలత ప్రకారం వేశారా, లేక యుద్ధభూమి వెనక ఏ తోటలోనో సిబ్బందే వేసుకున్నారా? స్ప్రే గన్నుతోనా, కుంచెతోనా, చీపురు లాంటిదానితోనా? చారల ఆకారం, అంచు, మందం అన్నీ అక్కడే తేలతాయి.

ముందు నంబర్ల గొడవ కాస్త. రాల్ అనేది 1925లో జర్మనీలో ఏర్పడిన ప్రమాణాల సంస్థ. 1927లో 40 రంగులతో మొదటి పట్టీ తయారు చేసింది. ఈ రోజుకీ గేట్ల పెయింటు, పౌడర్ కోటింగ్ కొనేవాళ్లకు రాల్ నంబర్లు తెలిసే ఉంటాయి. పాంజర్ గ్రే అంటే 7021. అది ఇప్పటి పట్టీలోనూ ఉంది కాబట్టి అసలు రంగు ఎలా ఉంటుందో దుకాణంలో చూడొచ్చు. చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు, అంత నల్లగా ఉంటుంది. కడిగిన పలక రంగు అది. బొమ్మ మీద అదే రంగు ఉన్నదున్నట్టు వేస్తే వివరాలన్నీ మింగేస్తుంది. కాబట్టి మోడలర్లు దాన్ని ఆరిన పలక రంగు దాకా, చాక్‌పీసు పొడి అంటుకున్న పలక రంగు దాకా తేలిక చేస్తారు. ఇది తప్పేం కాదు. నిజం ట్యాంకు దుమ్ములో తిరిగింది, మధ్యలో ఉన్న గాలి కూడా దూరపు రంగును కాస్త పాలిపోయేలా చేస్తుంది.

అసలు చిక్కు 1943 నాటి ముదురు పసుపుతో. జర్మన్‌లో డుంకెల్‌గెల్బ్. మొదట్లో దానికి నంబరే లేదు. "నమూనా ప్రకారం ముదురు పసుపు" అని ఉత్తర్వుల్లో రాసేవారు. తర్వాత 7028 అన్నారు. రాల్ పట్టీలో 1తో మొదలయ్యేవి పసుపులు, 7తో మొదలయ్యేవి బూడిదలు. పేరేమో పసుపు, నంబరేమో బూడిద! యుద్ధం తర్వాత ఆ నంబరును పట్టీ నుంచే తీసేశారు కాబట్టి దుకాణంలో సరిచూసుకునే వీలు కూడా లేదు. పెసరపిండిలో కాస్త మట్టి, చిటికెడు పచ్చదనం కలిపినట్టుంటుందని చెప్పుకోవచ్చు. మోడల్ రంగులు అమ్మే తమియా కంపెనీ వారి ఎక్స్‌ఎఫ్-60 ఒకలా ఉంటుంది, మిగతా కంపెనీల సీసాలు ఒక్కొక్కటి ఒక్కోలా ఉంటాయి. యుద్ధకాలంలో కూడా పరిస్థితి ఇంతే. పెయింటు తయారీదారులు చాలామంది, ముడిసరుకు కొరత. ఆ డబ్బాలన్నీ ఒకే ఛాయలో ఉండే అవకాశమే లేదు. ఈ ఒక్క రంగు విషయంలో "ఇదే కరెక్ట్" అని వాదించేవారి మాట పక్కన పెట్టి, చేతిలో ఉన్న సీసాతో ముందుకెళ్లడమే మేలు.

ఆఫ్రికా కథలో ఉత్తర్వుకూ ఆచరణకూ ఉన్న దూరం బాగా కనిపిస్తుంది. జర్మన్ జనరల్ రోమెల్ 1941 ఫిబ్రవరి 12న లిబియాలోని ట్రిపోలీ చేరాడు. ట్యాంకులు మార్చి రెండో వారానికల్లా దిగాయి, యూరప్‌లో వేసిన ముదురు బూడిద రంగుతోనే. ఎడారిలో ఏ రంగులు వేయాలో చెప్పే ఉత్తర్వు మార్చి 17న వచ్చింది. పసుపు ఛాయ ఉన్న గోధుమ (8000) రెండు వంతులు, ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిద (7008) ఒక వంతు. ఉత్తర్వు వచ్చినా పెయింటు వెంటనే రాదు కదా. సిబ్బంది బురద కలిపి పూసుకున్నారు. అది ఎండి, పెచ్చులూడి, చేతులూ బూట్లూ తగిలే హ్యాచ్‌ల (సిబ్బంది లోపలికి దిగే మూతల) దగ్గర కింది బూడిద మళ్లీ బయటపడేది. తొలి రోజుల ఆఫ్రికా పాంజర్ చేయాలంటే ఇసుక రంగు సీసా కన్నా ముందు బూడిద రంగు సీసా మూత తీయాలి. 1942 మార్చిలో ఈ జత స్థానంలో 8020, 7027 అనే కొత్త జత వచ్చింది. ఇక్కడ కూడా రెండో రంగు ఫోటోల్లో సరిగా కనిపించదు. పోలండ్ ఫోటోల్లో జరిగిన మోసమే ఇదీ.

ఇక మోడలర్లు అందరికన్నా ఎక్కువగా ఇష్టపడే మూడు రంగుల దశ. 1943 ఫిబ్రవరి 18 ఉత్తర్వుతో పాత బూడిద పోయింది. ఫ్యాక్టరీలో ట్యాంకు మొత్తానికీ ముదురు పసుపు వేసి పంపుతారు. దాని మీద చారలు, మచ్చలు వేసుకునే పని యూనిట్లకే వదిలేశారు. అందుకోసం ఆలివ్ గ్రీన్ (6003), ఎర్ర గోధుమ (8017) రంగులను చిక్కటి ముద్ద రూపంలో 2 కిలోల, 20 కిలోల డబ్బాల్లో పంపేవారు. నీళ్లు గానీ పెట్రోలు గానీ కలిపి పలచన చేసుకుని వాడాలి.

నీళ్లా, పెట్రోలా అన్నది చిన్న తేడాలా కనిపిస్తుంది, కానీ బొమ్మ మీద చూపించదగ్గ సగం విషయాలు అందులోనే ఉన్నాయి. పెట్రోలుతో కలిపితే రంగు పట్టుకుంటుంది. నీళ్లతో కలిపితే వానకు కరుగుతుంది, రాపిడికి పోతుంది. పెట్రోలు ఇంజిన్‌కే చాలని రోజుల్లో రంగులోకి ఎంత వదులుతారో ఎవరైనా ఊహించగలరు. ఎంత కలిపారన్న దాన్ని బట్టి చిక్కదనం మారుతుంది. ఒకే డబ్బాలోని ఆకుపచ్చ ఒక ట్యాంకు మీద ముదురుగా, పక్క ట్యాంకు మీద కింది పసుపు కనిపించేంత పలచగా పడుతుంది. కాబట్టి 1943 నాటి వాహనం మీద ఆకుపచ్చ అంతా ఒకే మందంలో, ఒకే ఛాయలో, ప్లాస్టిక్ టేపు అంటించినట్టు ఉంటే అది చూడటానికి ఎంత శుభ్రంగా ఉన్నా నమ్మబుద్ధి కాదు.

ఆకారాల సంగతికొస్తే పుర్రెకో బుద్ధి. కొన్ని యూనిట్లు సన్నటి గీతలు అల్లుకుపోయినట్టు వేశాయి. కొన్ని పెద్ద పెద్ద మచ్చలు వేశాయి. కొన్ని ఒక్క ఆకుపచ్చతో సరిపెట్టుకున్నాయి, కొన్ని పసుపును అలాగే వదిలేశాయి. 1943 జూలైలో రష్యాలోని కుర్స్క్ దగ్గర మొదటిసారి యుద్ధంలోకి దిగిన దాదాపు 200 పాంథర్ ట్యాంకులు కూడా ఈ పసుపు మీద చారల పద్ధతివే. ఒకే కంపెనీలోని ట్యాంకుల మధ్య పోలిక ఉంటుంది. స్ప్రే గన్ను ఒకే మనిషి చేతిలో ఉండి ఉంటుంది కదా. కానీ ఏ రెండూ అచ్చుగుద్దినట్టు ఉండవు. కిట్‌తో వచ్చే రంగుల చిత్రం ఆ ఒక్క ట్యాంకుకే, అదీ ఫోటోలో కనిపించిన పక్కకే ఆధారం. రెండో పక్క చాలాసార్లు గీసినవారి ఊహే. ఆ పక్కన మోడలర్ సొంత ఊహ వాడినా ఎవరూ కాదనలేరు.

సిబ్బంది చేత్తో వేసిన రంగుకు కొన్ని గుర్తులుంటాయి. టరెట్ మీద నంబరు, శిలువ ముందే ఉంటే వాటి మీద రంగు పడకుండా చుట్టూ కొట్టుకుంటూ పోయేవారు. నంబరు చుట్టూ చతురస్రంలా పసుపు మిగిలిపోయేది. చక్రాల దగ్గర అంత జాగ్రత్త ఉండదు, రబ్బరు టైర్ల మీద కూడా రంగు తుంపర పడుతుంది. పాంజర్ 4 పక్కల వేలాడే షుర్ట్‌జెన్ పలకల మీద ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అవి 5 మిల్లీమీటర్ల మందం ఉన్న రేకులు, ట్యాంకు పక్కన బిగించిన కడ్డీలకు తగిలించి ఉంటాయి. పొదల్లో తగిలి ఊడిపోతాయి, ఒకదాని బదులు వేరే ట్యాంకుది తెచ్చి తగిలిస్తారు. అప్పుడు చార ఒక పలక చివర ఆగిపోయి, పక్క పలక మీద ఎక్కడో మొదలవుతుంది. ఊడిన పలక వెనక ఉన్న గోడ మీద చారలే ఉండవు, ఉత్త పసుపు. ఎందుకంటే రంగు వేసినప్పుడు అక్కడ పలక అడ్డం ఉంది. బొమ్మ చేసేటప్పుడు పలకలన్నీ తగిలించి చారలు కొట్టి, ఆ తర్వాత ఒకటి తీసేసి, మరొకదాని స్థానం మార్చేస్తే చాలు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత కథ చెప్పే ఉపాయం ఇంకొకటి దొరకడం కష్టం.

ఇప్పుడు కొలతల దగ్గరకొద్దాం, ఎందుకంటే చాలా బొమ్మలు తేలిపోయేది ఇక్కడే. నిజం ట్యాంకు మీద స్ప్రే గన్నుతో కొట్టిన చార వెడల్పు 10 సెంటీమీటర్లు అనుకుంటే, 1/35 స్కేల్‌లో అది 3 మిల్లీమీటర్ల కన్నా కాస్త తక్కువ. ఆ చార అంచున మసకగా చెదిరిన తుంపర 3 సెంటీమీటర్లు ఉంటే, బొమ్మ మీద అది ఒక్క మిల్లీమీటరు కూడా ఉండకూడదు. మామూలు ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు చిమ్మే చిన్న పరికరం) దూరం నుంచి కొడితే తుంపరే 4, 5 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే నిజం ట్యాంకు మీద 14 నుంచి 17 సెంటీమీటర్ల మసక అన్నమాట! అందుకే ట్యాంకు పొగమంచులో ఉన్నట్టు కనిపిస్తుంది. పరిష్కారం దగ్గరగా, పలచగా, తక్కువ ఒత్తిడితో కొట్టడం. 0.2 మిల్లీమీటర్ల నాజిల్, 15 పీఎస్ఐ లోపు ఒత్తిడి, ఒక వంతు రంగుకు రెండు వంతుల దాకా థిన్నర్ (రంగును పలచన చేసే ద్రవం). మొదటి పొరలో చార కనిపించీ కనిపించనట్టు ఉండాలి. రెండు మూడు పొరల్లో నెమ్మదిగా పైకి తేవాలి. అంత పలచగా కొట్టాక చెదిరిన చోట్ల పలచటి పసుపు పట్టుకుని అంచులు దిద్దుకోవచ్చు. 1/72లో అదే చార 1.4 మిల్లీమీటర్లకు దిగిపోతుంది. అక్కడ చెయ్యి మీద ఆధారపడటం కన్నా బ్లూటాక్ లాంటి మెత్తటి జిగురుముద్దను సన్నగా పాములా చుట్టి మాస్క్‌గా పెట్టుకోవడం మంచిది.

విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి సముద్రతీర ఊళ్లలో వానాకాలంలో ఇంకో తలనొప్పి ఉంటుంది. లాకర్ థిన్నర్ వేగంగా ఆరేటప్పుడు గాలిలోని తేమ రంగు మీదే చేరి తెల్లటి పొరలా మసక కడుతుంది. ముదురు బూడిద మీద ఇది ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కంప్రెసర్ పైపులో చేరిన నీళ్లు నాజిల్ నుంచి చుక్కలుగా పడితే చేసిన చారంతా పాడు. పైపుకు తేమ పట్టే ఫిల్టర్ పెట్టుకుని, కాస్త నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడి, వాన వెలిసిన రోజు చూసుకుని కొట్టడం తప్ప వేరే దారి లేదు.

1944 ఆగస్టుకు పరిస్థితి తిరగబడింది. ఆకాశమంతా శత్రువు విమానాలే. యుద్ధరంగానికి చేరేలోపే ట్యాంకుకు రంగులు ఉండాలి. దాంతో చారలు వేసే పని యూనిట్ల నుంచి తీసేసి మళ్లీ ఫ్యాక్టరీలకు అప్పగించారు. మోడలర్లు "యాంబుష్" (మాటు) అని పిలిచే చుక్కల డిజైన్ అప్పటిదే. మూడు రంగుల పెద్ద మచ్చలు, ముదురు మచ్చల మీద పసుపు చుక్కలు, పసుపు మీద ముదురు చుక్కలు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వేపచెట్టు కింద నేలను చూడండి, ఆకుల సందుల్లోంచి ఎండ ఎలా చుక్కలు చుక్కలుగా పడుతుందో. అదే ఆలోచన. చెట్ల కింద కదలకుండా దాక్కున్న ట్యాంకు కోసం వేసిన రంగు ఇది.

ఫ్యాక్టరీ చేతిలో పడగానే రంగుల తీరు మారింది. అంచులు గట్టిపడ్డాయి, చాలా చోట్ల కుంచెతోనే వేశారు. ఒక ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వాహనాల మధ్య పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. శత్రు ట్యాంకులను వేటాడే, టరెట్ లేని చిన్న వాహనం హెట్జర్ దీనికి మంచి ఉదాహరణ. దాన్ని ప్రాగ్‌లోని బీఎంఎం ఫ్యాక్టరీ 1944 ఏప్రిల్ నుంచి, పిల్సెన్‌లోని స్కోడా ఫ్యాక్టరీ జూలై నుంచి తయారు చేశాయి. వాహనం ఒక్కటే, రంగుల తీరు మాత్రం రెండు ఫ్యాక్టరీలదీ వేర్వేరు. అలవాటైన కన్ను ఫోటో చూడగానే ఏది ఎక్కడిదో చెప్పేస్తుంది. హెట్జర్ చేసేవాళ్లు డిజైన్ ఎంచుకునే ముందు, చక్రాల రిమ్ములు, ఎగ్జాస్ట్ లాంటి భాగాలు కూడా అదే ఫ్యాక్టరీవో కాదో చూసుకోవాలి. ఒక ఫ్యాక్టరీ రంగులు ఇంకో ఫ్యాక్టరీ వాహనం మీద వేయడం మోడల్ షోల్లో తరచుగా దొరికిపోయే తప్పు.

జిమ్మరిట్‌తోనూ అలాంటి తేదీల చిక్కే. అయస్కాంత మైన్లు అంటుకోకుండా ట్యాంకు మీద పూసిన ఆ గరుకు ముద్దను 1944 సెప్టెంబరు 9న ఆపేశారు. ఫ్యాక్టరీ చుక్కల రంగులు మొదలైంది ఆగస్టులో. అంటే ఒకే వాహనం మీద ఫ్యాక్టరీలో పూసిన జిమ్మరిట్, ఫ్యాక్టరీలో వేసిన చుక్కలు రెండూ కలిసి ఉండగలిగిన సమయం కొన్ని వారాలే. జిమ్మరిట్ గీతలు చెక్కడానికి రాత్రులు ధారపోసే ముందు ఈ లెక్క ఒకసారి చూసుకోవడం నయం.

ఆ తర్వాతి నెలల్లో అంతా కొరతే. ఎర్రటి ప్రైమర్ (అసలు రంగుకు ముందు ఇనుము మీద వేసే పూత, 8012) మీద మొత్తం పసుపు వేయడం మానేసి, ప్రైమర్ నే ఒక రంగుగా మిగిల్చి, మిగతావి పొదుపుగా కొట్టారు. ట్యాంకు లోపల వేసే దంతపు రంగు కూడా ఆపేశారు. 1944 చివర్లో వచ్చిన మరో ఉత్తర్వు బేస్ కోట్‌ను పసుపు నుంచి ముదురు ఆకుపచ్చకు మార్చింది. 1945 వాహనాల మీద ఏది పైన, ఏది కింద అన్న వాదన తెగదు. ఆ కాలపు ఫోటోలు చాలావరకు కాలిపోయిన ట్యాంకులవి, కాలిన ఇనుము తుప్పు కూడా ఎర్రగానే ఉంటుంది.

శీతకాలపు తెలుపు మాత్రం మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1941 చలికాలంలో రష్యాలో మంచు పడ్డాక సిబ్బంది సున్నం, సుద్ద, దొరికిన తెల్లటిదల్లా కలిపి పూశారు. పండక్కి సున్నం వేసిన గోడకు ఆనుకుంటే చొక్కా వీపంతా ఏమవుతుందో అందరికీ తెలిసిందే. ట్యాంకు మీద కూడా అంతే. సున్నం బకెట్టూ కుంచే పట్టుకుని వేసిన తెలుపు కుంచె గీతలతో, అక్కడక్కడా కింది రంగు కనిపిస్తూ, నంబరు చుట్టూ ఖాళీ వదిలేసి ఉంటుంది. బొమ్మ మీద దీనికి హెయిర్‌స్ప్రే పద్ధతే సరైనది. కింది రంగు పూర్తిగా ఆరాక రెండు పొరల హెయిర్‌స్ప్రే, దాని మీద పలచటి తెలుపు, అది ఆరిన గంట లోపే తడి కుంచెతో రుద్దడం. ఆలస్యం చేస్తే తెలుపు గట్టిపడి కదలదు. రుద్దేది కూడా ట్యాంకంతా ఒకేలా కాదు. హ్యాచ్ అంచులు, సిబ్బంది ఎక్కి దిగే ఫెండర్ మూల, ఇంజిన్ మూతల మీద ఎక్కువ. టరెట్ వెనక గోడ మీద, ఎవరి చెయ్యీ కాలూ తగలని చోట, తెలుపు దాదాపు అలాగే ఉండాలి.